వేసవి ముదరక ముందే ఇంటిని ఓసారి చూసుకోండి

ఉగాది వెళ్లి ఎండలు ముదిరాయంటే పల్లెల్లో రెండు భయాలు మొదలవుతాయి. ఒకటి వడదెబ్బ, రెండోది నిప్పు. కృత్తిక, రోహిణి కార్తెల నాటికి తాటాకు కప్పు, గడ్డివాము, కందికంపతో అల్లిన దడి అన్నీ గలగలలాడేలా ఎండిపోయి ఉంటాయి. దానికి పడమటి వడగాలి తోడైతే ఒక్క నిప్పురవ్వ చాలు. మధ్యాహ్నం వేళ ఊరు ఊరంతా పనుల్లో ఉండగా ఒక కొంపలో లేచిన మంట, జనం పరుగెత్తుకొచ్చేలోపు పక్క వరుసకు పాకుతుంది. మీ ఊళ్లోనూ పెద్దవాళ్లు ఇలాంటి కథ ఒకటి చెబుతూనే ఉంటారు.

అలాంటి ప్రమాదాలను 'మన ఖర్మ' అనుకుని ఊరుకోవడం అలవాటైపోయింది. నిజానికి ఇంట్లో పుట్టే మంటల్లో చాలావాటికి కారణం ముందు రోజు వరకూ మన కళ్లెదుటే ఉంటుంది. పొయ్యిలోంచి తీసి పెంటపై పోసిన బూడిద, పగిలిన గ్యాసు ట్యూబు, ఫ్యూజులో కట్టిన లావు తీగ, పత్తి కుప్పపై వేలాడుతున్న బల్బు. రోజూ చూసేవే గనుక పట్టించుకోం. ఇల్లు కాలుతుండగా నుయ్యి తవ్వడం కన్నా, ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు కేటాయించి ఇంటిని చుట్టూ, లోపలా తనిఖీ చేసుకోవడం మేలు. దీనికి ఇంజనీరు అక్కర్లేదు. పెద్ద ఖర్చూ లేదు. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఇంట్లో అందరినీ వెంటబెట్టుకుని తిరగండి. చదువుకునే పిల్లల చేత రాయించండి.

రైతు ఇల్లు వేరు

పట్నంలో ఇల్లంటే మనుషులు ఉండే చోటు మాత్రమే. రైతు ఇల్లు అలా కాదు. అదే గోదాం, అదే పశువుల కొట్టం, అదే బండి నిలిపే చోటు. ఒక గదిలో పత్తి, ఇంకో మూల మిరప బస్తాలు, అటక మీద విత్తనాలు, మంచం కింద పురుగుమందు, వసారాలో స్ప్రేయరు కోసం తెచ్చిన పెట్రోలు డబ్బా. వీటి మధ్యనే వంట, వీటి మధ్యనే పడక. అందుచేత మన ఇంట్లో మంట లేస్తే పోయేది ఇల్లొక్కటే కాదు. ఏడాది పంట, దానిపై తెచ్చిన అప్పు తీర్చే దారి, పాలిచ్చే గేదె, రేపటి విత్తనం అన్నీ ఒకేసారి పోతాయి. అమ్మాయి పెళ్లికని దాచిన పత్తి కాలిపోతే ఆ ఇంటికి మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు.

మంటకు మూడు కావాలి. కాలే వస్తువు, వేడి, గాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పిస్తే మంట లేదు. గాలిని మనం ఆపలేం. కాలే వస్తువులు లేకుండా వ్యవసాయం లేదు. కాబట్టి చేయగలిగింది ఒక్కటే. కాలే వస్తువును, వేడిని దూరదూరంగా ఉంచడం. మీ తనిఖీ అంతా ఈ ఒక్క సూత్రం మీదే నడవాలి.

బయట నుంచి మొదలు పెట్టండి

ముందుగా ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేయండి. గడ్డివాము ఎక్కడుంది? ఇంటికి, కొట్టానికి కనీసం 60 అడుగుల ఎడం ఉండేటట్లు, వేసవిలో గాలి వచ్చే వైపు కాకుండా వేసుకోవడం మంచిది. పడమటి గాలి వీచే ఊళ్లో ఇంటికి పడమట వాము వేస్తే, అది అంటుకున్నప్పుడు రవ్వలన్నీ ఇంటి మీదకే వస్తాయి. స్థలం లేక దగ్గర వేయక తప్పకపోతే ఒకటే పెద్ద వాము బదులు రెండు చిన్న వాములు, వాటి మధ్య ఖాళీ ఉంచి వేయండి. ఒకటి పోయినా పశువులకు రెండోది మిగులుతుంది.

వాము మీదుగా కరెంటు తీగలు పోకూడదు. వేలాడే తీగలు గాలికి ఒకదానికొకటి తగిలితే నిప్పులు రాలతాయి. పొలం నుంచి గడ్డి ట్రాక్టరు ఎత్తుగా వేసుకొచ్చేటప్పుడు తీగకు తగిలి అంటుకోవడం కూడా జరుగుతుంది. ఇలాంటి తీగలు మీ వీధిలో ఉంటే 1912కు ఫోను చేసి ఫిర్యాదు రాయించండి, సర్పంచి చేత కూడా చెప్పించండి. మీరే కర్రతో పైకి నెట్టే ప్రయత్నం చేయవద్దు.

గడ్డి దానంతటదే అంటుకుంటుందా అని చాలామంది అడుగుతారు. అంటుకుంటుంది. పచ్చిగా, తడిగా ఉన్న గడ్డిని, వేరుశనగ కట్టెను గట్టిగా తొక్కి వాము వేస్తే లోపల సూక్ష్మజీవులు పనిచేసి వేడి పుడుతుంది. ఆ వేడి బయటకు పోయే దారి లేక పెరుగుతూ పోతుంది. లోపల 70 డిగ్రీల సెంటీగ్రేడు దాకా చేరిందంటే ప్రమాదం దగ్గరపడినట్లే. హార్వెస్టరుతో కోసిన వెంటనే మిషనుతో కట్టిన మోపుల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. అనుమానం వస్తే ఇనుప గునపాన్ని వాము మధ్యకు గుచ్చి పావుగంట ఉంచి తీసి చూడండి. చేత్తో పట్టుకోలేనంత కాలుతుంటే వాము విప్పాల్సిందే. అయితే విప్పగానే లోపలికి గాలి తగిలి భగ్గుమనవచ్చు. నీళ్లు, నలుగురు మనుషులు పక్కన ఉండగానే విప్పండి.

బూడిదను తేలిగ్గా తీసుకోవద్దు

రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచరాదని పెద్దలు అన్నారు. పొయ్యిలోని బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు కణికలు గంటల తరబడి బతికే ఉంటాయి. ఉదయం పెంటకుప్పపై పోసిన బూడిద, మధ్యాహ్నం గాలి లేచేసరికి రాజుకుంటుంది. అప్పటికి ఇంట్లో ఎవరూ ఉండరు. బూడిద పారబోసే ముందు చెంబెడు నీళ్లు చల్లి కలపండి. పొయ్యి ఆర్పి పొలానికి పోయేటప్పుడూ అంతే. కట్టె వెనక్కి లాగితే సరిపోదు, నీళ్లు చల్లాలి.

కట్టెల పొయ్యి పాకలో ఉంటే దాని చుట్టూ నడుమెత్తు మట్టిగోడ పెట్టండి. పొయ్యికి నేరుగా పైనున్న కప్పుకు లోపలి వైపు పాత రేకు కట్టండి. మట్టి, పేడ కలిపి తాటాకు లోపలి వైపు మెత్తినా మంట అందుకోవడానికి ఆలస్యమవుతుంది. పిడకలు, చొప్ప, కంది కట్టె పొయ్యి పక్కనే పేర్చకుండా ఆ పూటకు కావలసినవే లోపలికి తెచ్చుకోండి. వేసవి నెలల్లో గాలి ఎక్కువగా ఉండే ఊళ్లలో వంట పొద్దున్నే ముగించుకునే కట్టుబాటు పెట్టుకోవడం మంచిది.

బీడీ, చుట్ట తాగేవారు మంచం మీద, వాము నీడలో, పత్తి గదిలో తాగరాదు. దోమల చక్రాన్ని మంచం కింద పెట్టే అలవాటు మానండి. మట్టి మూకుడులో పెట్టి, దుప్పటి అంచు తగలనంత దూరంలో ఉంచండి. దేవుడి దీపం పెట్టి తలుపు వేసి వెళ్లేవారు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఎలుక వత్తిని లాక్కుపోతుంది. దీపాన్ని పళ్లెంలో పెట్టి, మనుషులున్నంత సేపే వెలిగించండి.

గ్యాసు పొయ్యి దగ్గర

ఇప్పుడు పల్లెల్లో చాలా ఇళ్లకు గ్యాసు వచ్చింది. పొగ బాధ తగ్గింది గాని దాని గుణం తెలుసుకోవాలి. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పొగలా పైకి పోదు, నేల వెంబడి పాకి పల్లంలో నిలుస్తుంది. గాలిలో నూటికి రెండు వంతులు కలిసినా ఒక్క రవ్వకు అంటుకుంటుంది. అందుకే సిలిండరును గుంటలో గాని, గాలి ఆడని అల్మరాలో గాని పెట్టరాదు. ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తున గట్టు మీద ఉండాలి. అదే గదిలో కట్టెల పొయ్యి కూడా వెలిగించడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. ఇది తగదు. రెండూ ఒకే గదిలో పెట్టుకోకండి.

రబ్బరు ట్యూబు మీద ముద్రించిన తేదీ చూడండి. ఐదేళ్లు దాటితే మార్చాలి. ట్యూబును వంచి చూసినప్పుడు పగుళ్లు కనిపిస్తే ఐదేళ్ల దాకా ఆగనక్కర్లేదు, వెంటనే మార్చండి. సిలిండరు పైభాగంలో పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్నది సంవత్సరం. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపు ఆ సిలిండరుకు మళ్లీ పరీక్ష జరగాలి అని అర్థం. గడువు దాటిన సిలిండరు వస్తే తీసుకోకండి.

లీకు ఉందేమోనని అగ్గిపుల్ల గీసి చూడడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. సబ్బు నురగ రాయండి, బుడగలు వస్తే లీకు ఉన్నట్లు. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్లే ముందు రెగ్యులేటరు కట్టేయడం ఇంట్లో ప్రతి ఒక్కరికీ అలవాటు కావాలి.

తలుపు తీయగానే గ్యాసు వాసన వస్తే లైటు వేయవద్దు. వెలుగుతున్న లైటు ఆర్పనూ వద్దు. స్విచ్చి నొక్కినప్పుడు వచ్చే చిన్న రవ్వే చాలు. ఫ్యాను జోలికి పోకుండా తలుపులు, కిటికీలు తెరిచి, రెగ్యులేటరు కట్టేసి, అందరినీ బయటకు తెచ్చి, దూరంగా వచ్చాక 1906కు ఫోను చేయండి. ఆ నంబరు గ్యాసు లీకుల కోసమే పెట్టింది, రాత్రీ పగలూ పనిచేస్తుంది.

కరెంటు తీగల సంగతి

మీటరు దగ్గర నుంచి మొదలు పెట్టండి. సర్వీసు తీగ తాటాకు కప్పుకు, రేకు అంచుకు రాసుకుంటోందా? గాలికి రాపిడి జరిగి పైతొడుగు పోతే అక్కడే నిప్పు పుడుతుంది. తీగను గొట్టంలోంచి తెప్పించండి.

తర్వాత ఫ్యూజు చూడండి. మాటిమాటికీ ఎగిరిపోతోందని రాగి తీగ నాలుగు పోగులు మెలిపెట్టి కట్టడం మన దగ్గర మామూలే. ఫ్యూజు ఎగిరిపోయేది మనల్ని విసిగించడానికి కాదు. లోపలి తీగ మోయలేనంత కరెంటు పోతోంది, ఆపుతున్నాను అని చెబుతోంది. ఆ మాట వినకుండా లావు తీగ కడితే, ఫ్యూజు బదులు గోడలోని తీగ కాలుతుంది.

ఒక చిన్న లెక్క చూడండి. 1500 వాట్ల నీళ్ల హీటరు 230 వోల్టుల దగ్గర సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. లైట్లకోసం వేసిన చిన్న ప్లగ్గు ఐదారు ఆంపియర్లకు మించి మోయలేదు. అందులో హీటరు పెడితే ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. అలా నల్లబడిన, కమురు వాసన వస్తున్న ప్లగ్గులు, స్విచ్చులు మీ ఇంట్లో ఎన్ని ఉన్నాయో రాసుకోండి. హీటరు, ఇస్త్రీపెట్టె, కూలరు, గ్రైండరులకు పెద్ద ప్లగ్గు, లావు తీగ, ఎర్తు తప్పనిసరి.

టేపు చుట్టిన అతుకులు, ధాన్యం గదిలో ఎలుకలు కొరికిన తీగలు, తలుపు సందులోంచి కొట్టంలోకి లాగిన వదులు తీగలు ఇవన్నీ మార్పించాల్సినవే. ఐఎస్ఐ ముద్ర ఉన్న తీగలే కొనండి. వీలైతే ఎం.సి.బి., దానితోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోండి. మొదటిది కరెంటు ఎక్కువైనప్పుడు ఆపుతుంది. రెండోది తీగ నుంచి కరెంటు గోడకో, నేలకో, మనిషికో కారుతున్నప్పుడు ఆపుతుంది. ఒకటి చేసే పని రెండోది చేయదు గనుక రెండూ ఉండాలి.

ఇప్పుడు కొత్తగా వచ్చింది బ్యాటరీ స్కూటరు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒకరు, నిజామాబాద్‌లో ఒకరు ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి చనిపోయారు. బ్యాటరీని పడకగదిలో గాని, వెళ్లే దారిలో గాని, పత్తి, గడ్డి దగ్గర గాని ఛార్జింగు పెట్టవద్దు. దానితో ఇచ్చిన ఛార్జరే వాడాలి. ఉబ్బినా, వాసన వచ్చినా వాడకం ఆపాలి. సెల్‌ఫోనును దిండు కింద ఛార్జింగు పెట్టడమూ ఇలాంటి పొరపాటే.

పంట నిల్వ ఉన్న గది

ధర వచ్చేదాకా పత్తిని ఇంట్లోనే పోసుకోవడం రైతుకు తప్పదు. అయితే పత్తిలో నిప్పుకు ఒక చెడ్డ గుణం ఉంది. మంట కనబడకుండా లోలోపల కాలుతూ పోతుంది. పైన నీళ్లు పోసి ఆరింది అనుకున్న కుప్ప మర్నాడు మళ్లీ రాజుకుంటుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికీన్' అనే ఓడలో పత్తి బేళ్లున్న అరలోనే నిప్పు పుట్టింది. అదే ఓడలో పేలుడు సామగ్రి కూడా ఉండడంతో రేవు మొత్తం దద్దరిల్లింది. ఆర్పడానికి వెళ్లిన 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. వారి స్మృతిలోనే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుపుతున్నారు. పత్తి పక్కన పేలే వస్తువు ఉంచితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు. మన ఇంట్లో ఆ పేలే వస్తువు గ్యాసు సిలిండరో, పెట్రోలు డబ్బానో అవుతుంది.

పత్తి గదిలో వేలాడే బల్బు, ప్లగ్గు, ఛార్జరు ఏవీ ఉండరాదు. లైటు తప్పనిసరైతే గాజుమూత ఉన్నది, గుమ్మం పైన, కుప్పకు మూడడుగుల ఎడంగా పెట్టించి స్విచ్చి గది బయట పెట్టండి. కుప్పను గోడలోని తీగలకు ఆనించవద్దు. ఆరి, చల్లారిన పత్తినే లోపల పోయండి.

మిరపకాయలు అంటుకుంటే ఆ ఘాటుకు ఎవరూ లోపలికి వెళ్లలేరు. అందుచేత మిరప బస్తాల వెనక మనుషులు పడుకునే గది ఉండకూడదు. పెట్రోలు ఆవిరి కూడా గ్యాసులాగే నేల వెంబడి పాకి దూరంగా ఉన్న పొయ్యిని అందుకుంటుంది. పెట్రోలు, డీజిలును నీళ్ల సీసాల్లో పోసి ఇంట్లో ఉంచకుండా, మూత గట్టిగా ఉన్న డబ్బాలో, ఇంటికి ఎడంగా, తాళం వేసి ఉంచండి. పురుగుమందులు కూడా అంతే. మందులు కాలినప్పుడు వచ్చే పొగ విషం. దాన్ని పీల్చకుండా గాలికి ఎదురు వైపు నిలబడాలి.

రాత్రి పూట తప్పించుకునే దారి

ఇది తనిఖీలో అన్నింటికన్నా ముఖ్యమైనది, అందరూ మరిచిపోయేది. ఇల్లు పోతే మళ్లీ కట్టుకోవచ్చు, మనిషిని తెచ్చుకోలేం.

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, మీరు పడుకునే చోటు నుంచి బయటకు తడుముకుంటూ వచ్చి చూడండి. దారిలో ఏమి తగిలాయి? నీళ్ల బిందె, మోటారు సైకిలు, యూరియా బస్తా. అవి అక్కడ నుంచి తీయాల్సినవి. పెరటి తలుపుకు అడ్డంగా పత్తి పోశారా? అదే మీ రెండో దారి. ఎన్ని బస్తాలు తగ్గినా సరే, మనిషి పట్టేంత సందు వదలండి. లోపలి తాళం చెవి తలుపు పక్కనే ఒకే మేకుకు ఉండాలి. మంట లేచినప్పుడు పొగ పైన కమ్ముకుంటుంది, నేల దగ్గర కాస్త గాలి ఉంటుంది. వంగి, అవసరమైతే పాకుతూ బయటకు రావాలని పిల్లలకు ఆటలాగా నేర్పండి. బయట ఏ చెట్టు కింద కలుసుకోవాలో ముందే చెప్పుకోండి. అలా కలిస్తేనే లోపల ఎవరు మిగిలారో తెలుస్తుంది. ఒకసారి బయటకు వచ్చాక డబ్బుకోసం, నగలకోసం మళ్లీ లోపలికి పోవద్దు.

మరొక్క మాట. చంటిపిల్లల్ని, లేవలేని ముసలివాళ్లని ఇంట్లో ఉంచి బయట గొళ్లెం పెట్టి కూలికి పోవడం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. పోయే తల్లికి వేరే దారి లేకనే అలా చేస్తుంది, కాదనలేం. కానీ ఆ గొళ్లెం వేసిన ఇంట్లో పొయ్యి ఆరిందో లేదో చూసేవారు లేరు. అంగన్‌వాడీలోనో, ఇంటి దగ్గరే ఉండే ఇరుగు పొరుగు అవ్వ దగ్గరో వదలండి. కనీసం తాళం వేయకుండా గొళ్లెం మాత్రం పెట్టి, పక్కింటివారికి చెప్పి పోండి.

పశువుల కొట్టంలో తాడు ముడి కూడా చూసుకోండి. ఒక్క లాగుతో ఊడే జారుముడి వేయాలి. కొట్టం గుంజకు ఒక కొడవలి ఎప్పుడూ చెక్కి ఉంచండి. మంటలో ముడి విప్పే వ్యవధి ఉండదు, కోసేయడమే.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

పల్లెకు ఫైరింజను రావడానికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పట్టవచ్చు. మొదటి పది నిమిషాలు మనవే. మంట లేచినప్పుడు ముందు చేసే పని కరెంటు తీయడం. అంటే బోరు మోటారు ఆగిపోతుంది. మోటారుంది కదా అని నమ్ముకోవద్దు. వేసవి మూడు నెలలూ వాకిట్లో ఒక 200 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు, రెండు బకెట్లు, ఒక బస్తా ఇసుక, నాలుగు గోనెసంచులు, ఒక నిచ్చెన ఉంచుకోండి. అంటుకున్న తాటాకును కిందికి లాగడానికి పొడవాటి దోటి ఉండాలి. పురుగుమందు కొట్టే ట్యాంకు, స్ప్రేయరును శుభ్రంగా కడిగి నీళ్లు నింపి పెడితే అదే చిన్న ఫైరింజనులా పనికొస్తుంది. కడగకుండా మాత్రం వాడరాదు. స్థోమత ఉన్నవారు, ముఖ్యంగా పత్తి, మిరప నిల్వ చేసేవారు, ఐఎస్ఐ ముద్ర ఉన్న ఏబీసీ పొడి సిలిండరు ఒకటి కొని గుమ్మం దగ్గర తగిలించుకోవడం మంచిది. దాని ముల్లు పచ్చ గుర్తు మీద ఉందో లేదో నెలకోసారి చూడాలి. వాడేటప్పుడు పిన్ను లాగి, మంట నాలుకల మీద కాకుండా మంట మొదట్లో కొట్టాలి.

ఏ మంటకు ఏది అన్నది కూడా తెలియాలి. గడ్డి, కట్టె, గుడ్డ, పత్తికి నీళ్లు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, నూనె ఎగిరి మంట నలుదిక్కులా పడుతుంది. పొయ్యి కట్టేసి, బాణలిపై మూత బోర్లించండి. కరెంటు మంటకు మెయిను తీసేదాకా నీళ్లు వద్దు. సిలిండరు రెగ్యులేటరు దగ్గర చిన్న మంట వస్తే తడి గోనెసంచి కప్పి, నాబు కట్టేయండి. మంట పెద్దదై సిలిండరు వేడెక్కితే మాత్రం దగ్గరికి పోక దూరం జరగండి.

101 లేదా 112కు ఫోను చేసినప్పుడు ఊరు, మండలం, రోడ్డు గుర్తు, కాలుతున్నది ఏమిటో చెప్పి, అవతలివారు పెట్టేదాకా ఫోను పెట్టకండి. ఒక కుర్రాణ్ని రోడ్డు మీద నిలబెట్టండి. సందులో అడ్డంగా నిలిపిన ట్రాక్టర్లు తీయించండి. ఇరుగు పొరుగు కప్పుల మీద ముందే నీళ్లు చల్లితే మంట అక్కడే ఆగుతుంది.

ఒంటికి నిప్పంటుకుంటే

పరుగెత్తితే మంట పెరుగుతుంది. ఆగి, నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవారు దళసరి దుప్పటి కప్పాలి, నైలాను వద్దు. కాలిన చోట చల్లని శుభ్రమైన నీళ్లు 20 నిమిషాలు పోయండి. ఐసు పెట్టవద్దు. సిరా, టూత్‌పేస్టు, పసుపు, నూనె, పేడ ఏదీ రాయకూడదు. వీటివల్ల పుండు చెడుతుంది, డాక్టరుకు గాయం కనిపించదు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగవద్దు. పొక్కులు చిదపకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకెళ్లండి. పొగ పీల్చినవారు బాగానే ఉన్నట్లు కనిపించినా డాక్టరుకు చూపించాలి.

కాగితాలు, నష్టపరిహారం

పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, బంగారం కుదువ రసీదు అన్నీ ఒకే రేకు పెట్టెలో, గుమ్మానికి దగ్గరలో ఉంచండి. నకళ్లు ఒక వరుస వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో పెట్టండి. సెల్‌ఫోనులో ఫొటో తీసి కొడుక్కో, అల్లుడికో పంపినా సరే.

ప్రమాదం జరిగాక బాధలో శిథిలాలు ఎత్తేయకండి. ముందు ఫొటోలు తీయించి, పోలీసు స్టేషనులో, తహసీల్దారు కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి పంచనామా రాయించండి. అగ్నిమాపక కేంద్రం నుంచి ధ్రువపత్రం తీసుకోండి. పశువు చనిపోతే పశువైద్యుని పోస్టుమార్టం నివేదిక కావాలి, బీమా ఉన్న పశువు చెవిపోగు పారేయకూడదు. గ్యాసు ప్రమాదాలకు చమురు కంపెనీల బీమా ఉంటుంది. డీలరుకు వెంటనే రాతపూర్వకంగా తెలియజేసి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఆ రాత్రి బూడిద కుప్ప దగ్గర ఎవరైనా కాపలా ఉండాలి. లోపలి కణికలు మళ్లీ రాజుకుంటే మిగిలింది కూడా పోతుంది.

తనిఖీ కాగితం

ఈ ప్రశ్నలకు 'కాదు', 'లేదు' అని జవాబు వచ్చిన ప్రతిచోటా ఈ వారమే పని మొదలు పెట్టండి.

1. గడ్డివాము ఇంటికి ఎడంగా, కరెంటు తీగ కింద కాకుండా ఉందా?
2. బూడిద నీళ్లు చల్లాకే పారబోస్తున్నారా?
3. గ్యాసు ట్యూబు ఐదేళ్ల లోపుదేనా? రాత్రి రెగ్యులేటరు కట్టేస్తున్నారా?
4. ఫ్యూజులో సరైన తీగే ఉందా? నల్లబడిన ప్లగ్గులు మార్చారా?
5. పత్తి గది నుంచి బల్బు, ప్లగ్గు, పెట్రోలు, సిలిండరు తీసేశారా?
6. రాత్రి బయటపడటానికి రెండు దారులున్నాయా?
7. పశువులకు జారుముడి వేశారా? కొట్టంలో కొడవలి ఉందా?
8. డ్రమ్ములో నీళ్లు, ఇసుక, దోటి సిద్ధంగా ఉన్నాయా?
9. 101, 112, 108, 1906 నంబర్లు గోడ మీద రాశారా? ఇంట్లో చిన్నవాళ్లకు కూడా తెలుసా?
10. ముఖ్యమైన కాగితాలు ఒకేచోట ఉన్నాయా?

ఒక్క ఇంటివాళ్లు జాగ్రత్తపడితే చాలదు. నిప్పుకు సరిహద్దు రాళ్లు తెలియవు. ఏప్రిల్‌లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు మీ దగ్గరి కేంద్రం సిబ్బందిని పంచాయతీ తరఫున పిలిపించి, ఆర్పే పద్ధతులు ఊరందరికీ చేసి చూపించమని అడగండి. పైరుకు తెగులు వచ్చాక మందు కొట్టే కన్నా విత్తనశుద్ధి మేలని రైతుకు తెలుసు. ఇదీ అలాంటిదే. ఈ ఆదివారం ఉదయమే కాగితం, పెన్సిలు తీసుకుని లేవండి.